సాక్షి ఉంటేనే మెట్టు

మాచర్ల నుంచి నరసరావుపేట దాకా పల్నాడు మొత్తం గాలించినా తొమ్మిదో మెట్టు ఎక్కిన వీరుణ్ని నేనొక్కణ్నే. నిప్పులు కక్కే రెక్కల పామును జలపాతం వెనక గుహలో ఒంటిచేత్తో నిలవరించాను. నా వెనకున్న వాళ్లంతా ప్రాణాలతో బయటపడ్డారు. నన్ను చూసి ఆ పాము రెండడుగులు వెనక్కి వేసిందని కూడా చెప్పేవాణ్ని గానీ, పాముకు కాళ్లెక్కడివని నాగమణి అడ్డం పడుతుంది.

నాగమణి సంగతి తర్వాత. ముందు ఈ మెట్లేమిటో చెప్పాలి. ఇదొక ఆట. ఎక్కడో పైదేశాల్లో పుట్టింది. బల్ల చుట్టూ కూర్చుని నోటితో ఆడతారు. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్లు తలా ఒక వేషం కడతారు: కత్తివీరుడు, మాంత్రికుడు, దొంగ. ‘ముందు చీకటి సొరంగం ఉంది, లోపల ఏదో గురక పెడుతోంది, ఏం చేస్తారు?’ అని నడిపేవారు అడుగుతారు. మనం చెప్పాలి. మనం చెప్పింది జరుగుతుందో లేదో పాచిక తేలుస్తుంది. బతికి బయటపడితే, చేసిన పనిని బట్టి మన వేషం ఒక మెట్టు ఎక్కుతుంది, కాస్త బలం పుంజుకుంటుంది. అంతే. నరసరావుపేటలో ఒక ఫ్లెక్సీల దుకాణంలో, ఆదివారం మధ్యాహ్నాలు, మేం నలుగురం ఈ ఆట ఆడేవాళ్లం. ఇప్పుడు ముగ్గురం మిగిలాం.

ఆట నడిపినావిడ మొన్నామధ్య పోయారు. ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరయ్యారు. పేరు రాయను. రాస్తే ‘నా గురించి నువ్వేంది చాటింపేసేది’ అని పైనుంచి ఈల వేస్తారు. అందరికీ ఆవిడ టీచరమ్మ. నాకూ అంతే.

నేను ఆవిణ్ని మొదటిసారి చూసింది సుభానీ దుకాణంలో. ఫ్లెక్సీలు అచ్చేసే మిషన్ కోసం సుభానీ ఏసీ పెట్టించాడు. మా ఎండల్లో ఏసీ ఉన్న దుకాణానికి పనుండే వెళ్లాలని ఎక్కడా లేదు. ఆ ఆదివారం షట్టరు సగం దించి ఉంది. వంగి లోపలికి దూరాను.

“అడుగు తియ్యవయ్యా! నూతిలో నిలబడ్డావ్.”

ఉలిక్కిపడి కిందికి చూశాను. నేల మీద ఫ్లెక్సీ ఒకటి బోర్లా పరిచి ఉంది. దాని తెల్లటి వీపు మీద స్కెచ్ పెన్నుతో గదులు, సందులు, మెలికలు. నా చెప్పు ఒక గుండ్రటి గీత మధ్యలో ఉంది. ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో ఆవిడ. నేత చీర, కాళ్లకు తెల్ల కాన్వాసు బూట్లు, మెడలో ఎర్ర తాడుకు ఈల. కుడి మోకాలు వంగదు గాబట్టి ఆ కాలు ఇంకో స్టూలు మీద చాపి ఉంది. గదంతా మోకాళ్లకు రాసుకునే బామ్ వాసన.

“నుయ్యేందమ్మా?” అన్నాను.

“లోతైన నుయ్యి. పడ్డావ్. ఇప్పుడేం చేస్తావో చెప్పు.”

“సుభానీని తాడేయమంటా.”

“తాడు తెచ్చుకోలేదు సార్,” అన్నాడు సుభానీ, చాలా బాధగా.

అలా నూతిలో పడ్డవాణ్ని ఇప్పటికీ పైకి రాలేదు.

పాడైపోయిన ఫ్లెక్సీలన్నీ సుభానీ ఆవిడకే ఇచ్చేవాడు. తప్పు అచ్చుపడ్డ పుట్టినరోజు శుభాకాంక్షలు, రంగు తిరగబడ్డ నాయకుల నమస్కారాలు. వాటి వీపు మీదే మా నేలమాళిగలు. ఒక్కోసారి గాలికి మూల లేచి, రాక్షసుడు ఉండాల్సిన గదిలో మా వార్డు నాయకుడి మీసం కనిపించేది. ఆవిడ గుహ వర్ణిస్తే గోడలకు దాచేపల్లి సున్నపురాయి రంగొచ్చేది. రెక్కల పాము ఉన్న జలపాతమైతే అచ్చం ఎత్తిపోతలే, కాకపోతే ఫొటోలు దిగేవాళ్లు లేరు. పాచికలు నునుపు నేల మీద దొర్లి షట్టరు కిందనుంచి రోడ్డు మీదికి పోతున్నాయని, స్టీలు గ్లాసులో అంకెల బిళ్లలు వేసి గిలకరించి తీయించేవారు.

ఆటను ఆవిడకు పరిచయం చేసింది బెంగుళూరులో ఉద్యోగం చేసే వాళ్ల తమ్ముడి కూతురు. కరోనా రోజుల్లో ఇంటికొచ్చి, తిరిగి వెళ్తూ ఆ రూల్స్ పుస్తకం ఇచ్చిపోయిందట. డ్రిల్లు టీచరు కదా, కథల కంటే ముందు రూల్స్ చదివారు. చదివి, నచ్చనివి మార్చేశారు.

“పుస్తకంలో ఏముందంటే, గుహలోంచి ఎంత బంగారం మోసుకొస్తే అంత పైకెక్కుతావ్,” అని చెప్పారు నాకు, మొదటివారమే. “నేను తీసేశా. బంగారం మోసుకొస్తే పెద్దోళ్లయ్యేటట్టయితే మనకి ఆటెందుకు, బయటే చూడొచ్చు.”

“పోనీ రాక్షసుల్ని చంపితే?”

“అదీ తీసేశా. చంపితే పేరొస్తదని పల్నాడోళ్లకి మళ్లీ నేర్పాలా?”

“మరెట్టా ఎక్కేది?”

ఆవిడ వేళ్లు మడిచారు. ఈల తాడు వేళ్లకు చుట్టుకుని విప్పుకోవడం ఆవిడ అలవాటు. “నువ్వు చేసింది నువ్వు చెప్పకూడదు. చూసినోళ్లు చెప్పాలి. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఇసుమంత కలిపినా మెట్టు పోద్ది. ఎక్కినోళ్లు మరుసటి వారం అందరికీ టీ పెట్టి తేవాలి.”

“ఎక్కినోడికి మర్యాద జరగాలి గానీ, వాడు టీలు మోయడమేందమ్మా?”

“పెద్దయితే వడ్డించాలిగా. చిన్నోళ్లు పోస్తారా?” అని, “లైను!” అంటూ ఈల వేశారు. ఎవరైనా ఎక్కువ మాట్లాడితే ఆ మాట. కబడ్డీలో గీత దాటితే అన్నట్టు.

నేను ప్లీడరు గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ని. గురజాల కోర్టు వరండాలో ఎంతమంది సాక్షులకు మాట నేర్పానో నాకే లెక్కలేదు. (వాళ్లలో ఎక్కువమంది నిజమే చెప్పారు. వరసలో చెప్పడం మాత్రమే నేర్పాను. ఈ ముక్క కాస్త నమ్మండి.) అలాంటివాడి ముందు సాక్షుల రూలు పెట్టడమంటే, పిల్లి ముందు పాలగిన్నె పెట్టడమే అనుకున్నాను.

ఇప్పుడు రెక్కల పాము దగ్గరికి వస్తాను. తొమ్మిదో మెట్టన్నాను కదా. ఐదనుకోండి. సరే, మూడు. అసలు జరిగింది ఇది.

జలపాతం వెనక గుహలోకి ముగ్గురం వెళ్లాం. నేను కత్తివీరుణ్ని. సుభానీ మాంత్రికుడు. నాగమణి దొంగ. నాగమణి అంటే టీచరమ్మ దగ్గర ఒకప్పుడు చదువుకున్న పిల్ల, ఇప్పుడు సత్తెనపల్లి రోడ్డులో కర్రీ పాయింట్ నడుపుతుంది. పప్పులో ఉప్పు ఎక్కువైందని ఎవరన్నా అంటే ‘ఔను ఎక్కువైంది’ అనే రకం. పాము కళ్లు తెరిచింది. దాని చూపు సుభానీ మీద పడింది. వాడు అక్కడికక్కడే రాయైపోయాడు. నేనేం చేశానో నాకు సరిగ్గా గుర్తులేదు. చేసిందల్లా బయటికి రావడమేనని మాత్రం గుర్తుంది.

ఆ వారమంతా సుభానీకి మిరపకాయ బజ్జీలు తినిపించాను. ఏం చెప్పాలో వరసగా నేర్పాను. ‘పాము మీదికి దూకింది. గుమాస్తాగారు డాలు అడ్డం పెట్టి, కత్తితో దాని మూతి మీద పొడిచారు. నేను కళ్లారా చూశాను.’ వాడు తెలివైనవాడు. రెండుసార్లకే ఒంటబట్టించుకున్నాడు.

ఆదివారం వచ్చింది. టీచరమ్మ అడగ్గానే సుభానీ లేచి నిలబడి, చేతులు కట్టుకుని, గుక్కతిప్పుకోకుండా అప్పగించాడు. ‘కళ్లారా చూశాను’ దగ్గర గొంతు కూడా కాస్త వణికించాడు. అది నేను నేర్పలేదు.

టీచరమ్మ మొత్తం విన్నారు. తల ఊపారు. “బాగా చెప్పావ్ సుభానీ. పాము దూకినప్పుడు నువ్వేడున్నావ్?”

“గుహలోనే మేడం.”

“గుహలో ఎట్టా ఉన్నావ్?”

సుభానీ నా వంక చూశాడు. నేను పైకప్పు వంక చూశాను.

“...రాయిగా,” అన్నాడు.

ఆవిడ నవ్వారు చూడండి! ఈల అప్పుడే నోట్లో పెట్టుకోవడంతో నవ్వు కూడా ఈలగానే వచ్చింది. కుర్చీ మీద ఊగి, మోకాలు పట్టుకుని, కళ్లు తుడుచుకున్నారు. “ఏమయ్యా గుమాస్తా, జన్మంతా కోర్టులో చేసి రాయిని సాక్షికి తెచ్చావా?”

చిన్నప్పటి నుంచి ఎవరికీ దొరకని నేను (దొరికాను, కానీ ఇంత బాహాటంగా కాదు) తల ఎత్తలేకపోయాను. మెట్టు పోయిందనుకున్నాను. అప్పుడు నాగమణి నోరు తెరిచింది.

“నేను చూశా, చెప్పమంటారా? బాబాయ్ పారిపోయాడు.”

“అది తెలిసిందేలేవే,” అన్నాను.

“ఉండు, అయిపోలా. పారిపోతా పారిపోతా లాంతరు నా చేతిలో పెట్టి పోయాడు. ఎలుగు మాకిచ్చి తను చీకట్లో గుద్దుకుంటా పోయాడు. ఆ ఎలుగులోనే నేను సుభానీ రాయిని బయటికి దొర్లించుకొచ్చా. అంతే.”

ఆ లాంతరు సంగతి నాకు నిజంగా గుర్తులేదు. ఆట గొడవలో ‘లాంతరు నాగమణికిచ్చి పోతున్నా’ అని ఏదో అని ఉంటాను. బరువనుకుని ఇచ్చానో, మంచికే ఇచ్చానో కూడా తెలియదు.

టీచరమ్మ ఈల మెడలో వదిలేశారు. “రెండో మెట్టు ఎక్కావయ్యా గుమాస్తా. వచ్చే వారం టీ నీది.”

ఇదీ నా తొమ్మిదో మెట్టు చరిత్ర. రెండు. అది కూడా పారిపోయి. అయినా చెబుతున్నాను, నేను చేశానని నాకే తెలియని ఒక మంచి పనిని ఇంకొకరి నోట విన్నప్పుడు కలిగిన ఆ వెచ్చదనం, నేను అల్లి చెప్పిన ఏ గొప్పలోనూ దొరకలేదు. ఆ రోజు నుంచి నేను నా కత్తి కంటే పక్కవాళ్ల చేతుల వైపు చూడటం మొదలుపెట్టాను. ఎవరు ఎవరికి దారిచ్చారు, ఎవరు నీళ్లతిత్తి పక్కవాడి వైపు జరిపారు. చూస్తేనే కదా చెప్పగలం. ఆ చూపు ఆటలోనే ఆగలేదు. మా ఆవిడ రోజూ నాకంటే ముందు లేచి నా కళ్లజోడు తుడిచి పెడుతుందని ఈ వయసులో కనిపెట్టాను. ఆ మాట ఆమె ఎదుటే మా కోడలితో చెబితే, మా ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. టీచరమ్మ పెట్టిన భిక్ష ఇది.

మరుసటి వారం ఫ్లాస్కు నిండా టీ తెచ్చాను. చక్కెర ఎక్కువైందని నాగమణి అంది, ఎక్కువైంది కూడా. తాగుతుండగా అడిగాను: “ఈ సాక్షి రూలు ఏ పుస్తకంలోదమ్మా?”

“పుస్తకంలో లేదు. కబడ్డీలో చూశా.” ఆవిడ కథ చెప్పేటప్పుడు చేతులు కదలవు, కళ్లు మాత్రం గీత మీద ఉన్నట్టు నేల మీదే ఉంటాయి. “ఒకసారి ఒక పిల్ల కూతకెళ్లింది. తిరిగొచ్చి, ముట్టుకున్నానంది. అంపైరు చూడలా. చుట్టూ ఉన్నోళ్లెవరూ చూడలా. అబద్ధమని గోల. ఆ పిల్ల ఏడుస్తా నిలబడింది. అప్పుడు అవతలి జట్టులో పిల్ల చెయ్యెత్తింది. ఔను, నన్ను ముట్టుకుంది, నేను అవుటు అంది. అంతే.”

“అయితే ఇద్దర్లో మెట్టు ఎవరిది మేడం?” అన్నాడు సుభానీ.

“కూతకెళ్లిన పిల్లది. దాని మాట ఇంకొకళ్లు చెప్పారుగా.”

నాగమణి గ్లాసు కింద పెట్టింది. “ఇదేం న్యాయం టీచరమ్మా? ఓడిపోతామని తెలిసి చెయ్యెత్తిన పిల్ల సంగతేంది?”

“దానికి సాక్షి ఏరి?” అని ఆవిడ స్టీలు గ్లాసు గిలకరించి నా ముందు పెట్టారు. “తియ్యవయ్యా బిళ్ల. గబ్బిలాలొస్తున్నయ్.”

తర్వాత ఆవిడకు ఒంట్లో బాగుండలేదు. దుకాణానికి రాలేకపోతే మేమే ఇంటికి వెళ్లేవాళ్లం. మంచం మీదనుంచే గుహలు నడిపేవారు. ఫ్లెక్సీ దుప్పటిలా కాళ్ల మీద పరుచుకుని గీసేవారు. ఈల ఊదే ఓపిక తగ్గి, గ్లాసు మీద చెంచాతో కొట్టేవారు. ఒక మధ్యాహ్నం నాగమణి ఉన్నట్టుండి అంది:

“టీచరమ్మా, మా అందరినీ ఎక్కించారు. మీకు ఒక్క మెట్టన్నా లేదు. ఈరోజు మీకిస్తన్నాం.”

“నేను ఆడలేదుగా. నడిపేటోళ్లకి మెట్లుండవ్.”

“ఉంటయ్. ఈ రూలు మాది.”

ఆవిడ నవ్వారు. “సరే. సాక్షిని తీసుకురా మరి. కళ్లారా చూసినోళ్లు కావాలి. పొగిడేటోళ్లు కాదు.” నా వైపు చూసి, “రాళ్లు కూడా కాదు,” అన్నారు.

మేం ముగ్గురం ఆలోచించాం. ఏం చూశాం మేము? ఆవిడ కుర్చీలో కూర్చోవడం, గ్లాసు గిలకరించడం, మమ్మల్ని చూడటం. ఆవిడ మంచివారని ఎవరైనా చెబుతారు. చేసిన పని ఒకటి, చూసిన కళ్లు రెండు కావాలి. మా దగ్గర లేవు. అవి దొరకకముందే ఆవిడ వెళ్లిపోయారు.

చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. ఎవరైనా నాలుగు మాటలు చెప్పవచ్చన్నారు. ఆ మెట్టు ఎలాగైనా ఇప్పించాలని మా పట్టుదల. మాటకారిని నేనే కనుక నన్నే లేపారు. కానీ నాగమణి టీచరమ్మ ఈల మెడలో వేసుకుని ముందు బెంచీలో కూర్చుంది. “బాబాయ్, ఇది ఆమె మెట్టు. నువ్వు ఇసుమంత కలిపినా పోద్ది. ఊదేస్తా, చర్చి అని కూడా చూడను.”

కబడ్డీ పిల్లల కథ ఎత్తుకున్నాను. ఎవరికీ పట్టని ఒక చిన్న పిల్ల నిజాయితీని చూసి, గుర్తుపెట్టుకుని, దాన్నొక రూలుగా మార్చి మాకిచ్చారు కాబట్టి, ఆ చూపుకే ఆవిడకొక మెట్టు ఇవ్వాలని నా వాదన. మంచి వాదనే. కానీ మైకు చేతికొస్తే నేను మనిషిని కాను.

“అది జిల్లా ఫైనల్సు,” అన్నాను. “స్టేడియం కిటకిటలాడుతోంది. వేదిక మీద వెండి కప్పు ధగధగలాడుతోంది. మన టీచరమ్మ తయారుచేసిన శిష్యురాలు...”

ఈల మోగింది. పాస్టరుగారు బైబిలు జారవిడిచారు. నాగమణి కళ్లనిండా నీళ్లతో నన్ను కొరకొరా చూస్తోంది. పోయింది. నా నోటితో ఆవిడ మెట్టు నేనే పోగొట్టాను.

వెనక బెంచీలోంచి ఒక ముసలావిడ చేతికర్ర ఊతంతో లేచింది. మాచర్ల బస్సులో వచ్చిందట. మాలో ఎవరికీ తెలియని మనిషి.

“ఏమయ్యా పెద్దాయనా, ఏంది నువ్వు చెప్పేది? స్టేడియం ఏడుంది? మా ఊరి మిరపకాయల కళ్లంలో ఆడాం. కూత పెడితే గొంతులో ఘాటు. కప్పూ లేదు గిప్పూ లేదు, స్టీలు బిందె పెట్టారు. శిష్యురాలంట! కూతకెళ్లింది నేను. చెయ్యెత్తింది ఈమే.”

కర్రతో పూలదండ వేసిన ఫొటోను చూపించింది.

“నేను ముట్టుకున్నా. ఎవరూ నమ్మలా. ఈమె చెయ్యెత్తింది. ఆళ్లు ఓడిపోయారు. తర్వాత ఎప్పుడు కనపడ్డా ఆ మాట ఎత్తనిచ్చేది కాదు. ఇయ్యాల ఎత్తుతన్నా. ఇంక ఆపమను చూద్దాం.”

ఇంతకంటే ఒక్క ముక్క కలపలేదు. కూర్చుంది.

నాగమణి ఈల మెడలోంచి తీసి ఫొటో ముందు పెట్టింది. “ఎక్కింది,” అంది, మా ఇద్దరికీ వినపడేటంత మెల్లగా. సుభానీ ఏడుస్తూ ఫ్లాస్కు కోసం వెళ్లాడు. మెట్టెక్కినవాళ్లు టీ పోయాలి కదా. ఆవిడ బదులు మేం ముగ్గురం పోశాం. మొదటి గ్లాసు ముసలావిడకే ఇచ్చాను. ఇదంతా రాస్తానని చెప్పి, ఆ తర్వాత ఏమైందని అడిగాను.

“ఏమైద్ది? ఓడగొట్టిందని ఆళ్లోళ్లు బండెక్కనీలా. నడిచిపోయింది. నేనూ ఎంట పోయా.”

నా కళ్లు చెమర్చాయి. “ఆ చిన్న వయసులో, ఎదుటి జట్టు పిల్లవై ఉండి, ఆవిణ్ని ఊరిదాకా దిగబెట్టి వచ్చావన్నమాట!”

ముసలావిడ గ్లాసు దించి నా మొహంలోకి చూసింది.

“ఊరిదాకా అని ఎవరన్నారయ్యా? సగం దాకానే. మా అమ్మ తిడుద్దని ఎనక్కొచ్చేశా. మిగతా సగం ఆ పిల్ల ఒక్కతే పోయింది. రాసేటప్పుడు సరిగ్గా రాయి.”